ప్రమాదం అనే మాటకు అర్థం

ముప్పై రెండేళ్ళపాటు ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి 2015లో పదవీ విరమణ చేశాను. పర్యాయపదాలు, నానార్థాలు, వ్యుత్పత్త్యర్థాలు ఎన్ని వందలసార్లు నల్లబల్ల మీద వ్రాశానో లెక్క లేదు. అయినా ‘ప్రమాదం’ అనే మాటకు అర్థం నాకు పదవీ విరమణ తరువాతనే తెలిసింది. ఈ మాట వింటే నా పాత విద్యార్థులు నవ్వుకుంటారు. నవ్వుకున్నా ఫరవాలేదు, చెప్పవలసిన సంగతి ఒకటుంది.

మా ఇల్లు పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు నడిచిపోయేటంత దూరం. మచిలీపట్నంలో బయలుదేరి విజయవాడ, హైదరాబాదు మీదుగా పుణె దాకా పోయే జాతీయ రహదారి మా చౌరస్తా మీదుగానే పోతుంది. 2010లో సంఖ్యలు మార్చినప్పుడు అది 65 అయింది కాని, మా యీడు వారికి ఇప్పటికీ అది తొమ్మిదో నంబరు రోడ్డే. రామచంద్రాపురం, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది అని వరుసగా ఊళ్ళు. ఆ వరుస పొడుగునా, పక్కకు తిరిగితే పాశమైలారంలోనూ, కర్మాగారాలు. తెల్లవారకముందే కంపెనీ బస్సులు, ఆ వెనుక బడి బస్సులు, షేర్ ఆటోలు, మహారాష్ట్ర లారీలు, ట్రాక్టర్లు. సంకటహర చవితి నాడు రుద్రారం గణేశ్ గడ్డకు కాలినడకన పోయే భక్తులు. అందరికీ అదొక్కటే దారి. ఆ రోడ్డు చప్పుడు వింటూ నిద్రపోవడం, ఆ చప్పుడుతోనే మేలుకోవడం మాకు అలవాటు. అందులో అప్పుడప్పుడు ఒక పెద్ద శబ్దం, ఆ తరువాత కొంతసేపు నిశ్శబ్దం. అదీ అలవాటయింది. ఆ అలవాటు సంగతి చివర మళ్ళీ చెబుతాను.

2018 కార్తీకంలో నా పాత విద్యార్థి ఒకడు ఆ రోడ్డు మీద పోయాడు. పేరు వ్రాయను, ఊరూ వ్రాయను. పదవ తరగతిలో వ్యాకరణం వాడి తలకెక్కేది కాదు. పద్యం మాత్రం గొంతెత్తి చదివితే పక్క తరగతి పిల్లలు కూడా చెవి ఒగ్గేవారు. పాశమైలారం వైపు ఒక కర్మాగారంలో పనికి కుదిరాడు. రాత్రి పదింటికి షిఫ్టు దిగి మోటారు సైకిలు మీద వస్తుండగా ఎదురుగా వచ్చిన లారీ కొట్టింది. వాడు ఎదురుదారిలో, మా దగ్గర అందరూ అనే మాటలో ‘రాంగ్ రూట్’లో, వస్తున్నాడట. కాగితాలలో అదే వ్రాశారు. తప్పు వాడిదే అని తేలిపోయింది.

పదకొండో రోజు వెళ్ళాను. తల్లి నన్ను చూసి లేచి నిలబడబోయి మళ్ళీ కూలబడింది. “మావోనిదే తప్పంట సారూ. రాత గట్లుంటె ఎవలేం జేస్తరు” అన్నది. నేను కూడా “అంతేనమ్మా, విధి” అన్నాను. ఫొటో కింద అచ్చు వేయించడానికి ఒక పద్యం వ్రాసి ఇమ్మని బంధువులు అడిగారు. తేటగీతి వ్రాసి ఇచ్చాను. యతి ప్రాసయతులు చక్కగా కుదిరాయి. విధి బలీయమని, నుదుటి వ్రాత తప్పదని దాని భావం. ఆ పద్యం ఇప్పటికీ వాళ్ళ గోడ మీద ఉన్నది.

నాలుగైదు నెలల తరువాత జిల్లా పత్రికలో మూడు పంక్తుల వార్త. అదే చోటు, అదే వేళ, మళ్ళీ ఒక కార్మికుడు. చదువుతుంటే ఆ పద్యం గుర్తుకు వచ్చి ఒళ్ళు జలదరించింది. విధి ఇద్దరి నుదుళ్ళ మీద ఒకే కిలోమీటరు రాయిని వ్రాసిందా? ఆ రోజు నుండి ఒక పాత హాజరుపట్టీ పుస్తకంలో మా రోడ్డు మీద జరిగే ప్రమాదాలు వ్రాసుకోవడం మొదలుపెట్టాను. వీధి చివర గ్రంథాలయంలో పాత పత్రికల కట్టలు విప్పి వెనుకటి మూడు సంవత్సరాలవీ ఎక్కించాను.

ఆ దసరాకు నా విద్యార్థిని ఒకతె ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఉపగ్రహ చిత్రాలతో పటాలు తయారుచేసే ఉద్యోగం ఆమెది. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, “మంచిగనే రాసిన్రు సార్. కని జాగా ఏది? సంగారెడ్డి సమీపంలో అంటే ఎక్కడ చుక్క పెట్టాలె?” అన్నది. నిజమే. పత్రికలలో ‘శివారులో’, ‘సమీపంలో’, ‘దాబా వద్ద’ అని ఉంటుంది. ఆ దాబా ఎప్పుడో మూతబడి ఉంటుంది. తెలుగు వాచకంలో ఏకవచన బహువచనాల తప్పులు పట్టే నేను, ఒక మనిషి ఎక్కడ చనిపోయాడో చెప్పని వాక్యాన్ని ఇన్నేళ్ళూ తప్పుగా ఎంచలేదు.

ఆమె చెప్పిన పద్ధతి సులభమైనదే. చరవాణిలో అక్షాంశ రేఖాంశాలు తెలుస్తాయి. దశాంశ బిందువు తరువాత మూడంకెలే వ్రాసుకుంటే నూరు మీటర్ల దాకా తేడా వస్తుంది. అయిదంకెలు వ్రాసుకుంటే సుమారు ఒక మీటరు దాకా చోటు తేలుతుంది. అప్పటినుండి బస్సెక్కి ఒక్కొక్క చోట దిగడం, టీ కొట్టువాణ్ణో పంక్చర్లు వేసేవాణ్ణో అడగడం, ఆ చోట నిలబడి అంకెలు వ్రాసుకోవడం నా దినచర్య అయింది. పత్రిక మరచిపోయినా పంక్చర్లు వేసేవారు మరచిపోరు. “గీ చెట్టుకాడనే సారూ” అని చేయి పట్టుకొని తీసుకుపోయి చూపేవారు.

చోటుతో పాటు వేళ, దిక్కు, ఏ వాహనం ఏ వాహనాన్ని కొట్టింది, వెలుతురు ఉన్నదా లేదా, పోయినవారు నడుస్తున్నారా, బండి మీద ఉన్నారా అని గడులు గీసుకున్నాను. పద్యానికి గురులఘువులు గుర్తించడం వంటి పని ఇది. పైన గీతలు పెట్టేదాకా పద్యం చెవికి బాగానే ఉంటుంది. గీతలు పెట్టి గణాలు విడదీస్తే ఏ పాదంలో ఏ గణం తప్పిందో కంటికి కనబడుతుంది. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఉచిత పటం మీద ఆమె నా గడులన్నిటినీ చుక్కలుగా మార్చింది. తరువాత ఆ చుక్కలను తడిగుడ్డ మీద పసుపులాగా వ్యాపింపజేసింది. ఎక్కడ చుక్కలు దగ్గరగా ఉన్నాయో అక్కడ రంగు చిక్కబడింది.

చూడగానే అనుకున్నది, చౌరస్తాలు, ఊళ్ళున్న చోట్లు చిక్కగా ఉన్నాయని. “ఇది నమ్మొద్దు సార్” అన్నది ఆమె. మనుషులు, బండ్లు ఎక్కువున్నచోట ప్రమాదాలూ ఎక్కువే ఉంటాయి. ఎంతమంది పోతుంటే ఎంతమందికి దెబ్బ తగిలిందనేది చూడాలి. ఒక బడిలో పదిమంది తప్పారంటే, పరీక్ష వ్రాసింది ఇరవైమందా రెండువందలమందా అని అడుగుతాం కదా! వాహనాల లెక్క మా చేతిలో లేదు. అందుకని వేళనుబట్టి విడదీసింది. పగటి చుక్కలు తీసివేస్తే, రాత్రి తొమ్మిదిన్నరకూ పదకొండుకూ మధ్యవి మాత్రం మిగిలాయి. అవి రోడ్డంతా చెదరిపోయి లేవు. అందులో ఎక్కువ భాగం అరకిలోమీటరులో ముద్దగా పడి ఉన్నాయి. నా విద్యార్థి చుక్క ఆ ముద్దలోనే ఉన్నది. వాడికంటె ముందువి కొన్ని, వాడి తరువాతివి కొన్ని.

పటం ఎక్కడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఒక రాత్రి ఇంట్లో చీవాట్లు తిని మరీ వెళ్ళి ఆ చోట నిలబడ్డాను. పదింటికి షిఫ్టు వదిలారు. బండ్ల మీద కుర్రవాళ్ళు వెల్లువలా వచ్చారు. వారి ఊరివైపు తిరగాలంటే మధ్య గట్టులో సందు ఎంతో దూరాన ఉన్నది. అంతదూరం పోయి తిరిగి రావాలంటే పెట్రోలు, అలసట. పక్కన చిన్న దారి లేదు. అందుకని అందరూ రోడ్డు అంచు పట్టుకొని ఎదురుదారిలో వస్తున్నారు. ఆ అంచున టీ కోసం లారీలు ఆగి ఉన్నాయి. లారీ దగ్గరకు రాగానే బండి నడిరోడ్డు మీదికి జరుగుతుంది. అటునుండి వచ్చే వాహనానికి అక్కడ వంపు ఉండడంవల్ల బండి కనబడదు. వీధిదీపం లేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికంటె 80తో వచ్చే బండి తాకిడి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఇది బడిలో భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు చెప్పే పాఠమే.

నిబంధన ప్రకారం ఆ కుర్రవాళ్ళు చేస్తున్నది తప్పే. కాదనను. కాని నేను ఉపాధ్యాయుణ్ణి. ఉక్తలేఖనంలో ఒక పిల్లవాడు తప్పు వ్రాస్తే తప్పు వాడిది. నలభైమందీ ఒకే మాట దగ్గర ఒకే తప్పు వ్రాస్తే, ఆ మాట చెప్పడంలో నా తప్పేదో ఉన్నదని సర్వీసులో చేరిన మొదటి సంవత్సరమే నేర్చుకున్నాను. ఆ రోడ్డు కూడా ప్రతి రాత్రీ వందలమంది చేత ఒకే తప్పు చేయిస్తున్నది. ఎవరో ఒకరిని అది తీసుకుపోతున్నది. కాగితాలలో మాత్రం తప్పు ఎప్పుడూ ఆ ఒక్కడిదే.

1854లో లండను నగరంలో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్ళను పటం మీద గుర్తించాడు. గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీటిపంపు చుట్టూ చేరాయి. అప్పటి వైద్యులు చెడుగాలి అనేవారు, భక్తులు దైవాగ్రహం అనేవారు. స్నో కోరిక మీద పంపు పిడి తీసివేశారు. నిజానికి అప్పటికే రోగం తగ్గుముఖం పట్టింది, ఆయన కూడా ఆ సంగతి దాచలేదు. కాని చావులు గాలిలోనుండి రావడం లేదని, ఒక చోటునుండి వస్తున్నాయని ఆ పటం చెప్పింది.

మన ప్రభుత్వానికీ ఇది తెలియని విద్య కాదు. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల పొడవులో, మూడు సంవత్సరాలలో మరణమో తీవ్ర గాయమో కలిగించిన ప్రమాదాలు 5 జరిగినా, లేక 10 మంది మరణించినా, దానిని ‘బ్లాక్ స్పాట్’ అంటారు. నేను ఆ నిర్వచనం చదివి, పటం అచ్చు తీయించుకొని ఒక కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. రికార్డు చూసి, “మా లెక్కలో అక్కడ అయిదు లేవండి మాస్టారూ” అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ అరకిలోమీటరు నడుమనుండే రెండు ఠాణాల సరిహద్దు పోతున్నది. సగం చుక్కలు ఒక దస్త్రంలో, సగం ఇంకొక దస్త్రంలో ఉన్నాయి. గాయపడి హైదరాబాదు ఆసుపత్రిలో వారం తరువాత పోయినవారి సంగతి వేరొక కాగితంలో. లెక్క ప్రకారం ముప్పై రోజులలోపు పోయినవారిని కూడా ప్రమాద మరణంగానే ఎంచాలి. ఆ కాగితాలు ఒకదానినొకటి కలుసుకోవాలి కదా! దస్త్రాలలో చిన్న చిన్న సంఖ్యలు. పటం మీద సరిహద్దు గీత చెరిపివేస్తే ఒక్క పెద్ద మచ్చ.

ఈ కొరత తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం మద్రాసు ఐఐటీ, ఎన్ఐసీల సహాయంతో ‘ఐరాడ్’ అనే సమగ్ర రోడ్డు ప్రమాదాల సమాచార వ్యవస్థను 2021లో మొదట ఆరు రాష్ట్రాలలో ప్రారంభించి, తరువాత తక్కిన రాష్ట్రాలకు విస్తరించింది. పోలీసులు ప్రమాదస్థలంలోనే చరవాణిలో వివరాలు, ఫొటోలు ఎక్కిస్తారు. చోటు అంకెలతో సహా నమోదవుతుంది. రవాణా శాఖ, రోడ్ల శాఖ, ఆసుపత్రి ఆ దస్త్రంలోనే తమ వంతు వ్రాస్తాయి. నేను బస్సెక్కి దిగి చేసిన పని అది. ఇంకొకటి నన్ను మరీ ఆకర్షించింది. హైదరాబాదు ఐఐఐటీ, ఇంటెల్, కేంద్ర రహదారి పరిశోధన సంస్థ మొదలైనవి కలిసి 2021లో నాగపూరులో ‘ఐరాస్తే’ అనే ప్రయత్నం మొదలుపెట్టి, తరువాత తెలంగాణకు తెచ్చాయి. ఆర్టీసీ బస్సులకు కెమెరాలు అమర్చారు. ముందు వాహనం మరీ దగ్గరైతే, మనిషి అడ్డం వస్తే అవి డ్రైవరును హెచ్చరిస్తాయి. ఏ చోట హెచ్చరికలు మాటిమాటికీ మోగుతున్నాయో ఆ చోటును పటంలో ‘గ్రే స్పాట్’గా గుర్తిస్తారు. అంటే మనిషి పోకముందే చుక్క పడుతుంది. అయిదుగురి కోసం వేచి ఉండనక్కరలేదు.

2014 జూలై 24న మన మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలాలేని రైల్వే గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొన్నది. అప్పుడింకా సర్వీసులో ఉన్నాను. మరునాడు ప్రార్థన సమయంలో పిల్లల ముఖాలు చూడలేకపోయాను. అటువంటి గేట్లు బ్రాడ్‌గేజి మార్గాలలో 2019 జనవరి నాటికి దేశమంతటా లేకుండా పోయాయి. ఎలా సాధ్యమయింది? ప్రతి గేటుకూ ఒక సంఖ్య ఉన్నది. జాబితా ఉన్నది. ఒక్కొక్కటే కొట్టివేస్తూ పోతే జాబితా ఒకనాటికి ముగుస్తుంది. రోడ్డు మీద వంపుకూ, చీకటికీ, గట్టులో లేని సందుకూ సంఖ్య లేదు. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు, 1,68,491 మరణాలు. అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవారు. మరణాలలో మూడవ వంతుకు మించి జాతీయ రహదారుల మీదనే, అవి మొత్తం రోడ్ల పొడవులో రెండు శాతమో ఏమో. ఒక్కొక్కరుగా పోతారు కనుక అసెంబ్లీ ఆగదు, బడి మూయరు.

ఇక ఆ మాట సంగతి. అమరకోశంలో ప్రమాదానికి ఇచ్చిన అర్థం అనవధానత. అపాయం కాదు, దెబ్బ కాదు. అవధానం లేకపోవడం, ఏమరుపాటు. ముప్పై రెండేళ్ళు ఈ అర్థం చెబుతూనే ఉన్నాను. ఏమరుపాటు బండి నడిపినవాడిదే అనుకున్నాను. మన అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు ఘంటాగణనం చేయిస్తాడు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి నడుస్తుండగా, అప్రస్తుత ప్రసంగి గిల్లుతుండగా, ఎప్పుడో ఒకసారి గంట కొడతాడు. చివర ఎన్ని కొట్టాడో అవధాని చెప్పాలి. ఎన్ని పద్యాలు రంజుగా చెప్పినా గంటల లెక్క తప్పితే అవధానం భంగమే. మా రోడ్డు మీద గంట మోగుతూనే ఉన్నది. మేము, అధికారులము, పత్రికలవారము, ఇంటిముందు కూర్చున్న పండితులము, ఎవరమూ లెక్కపెట్టలేదు. ప్రమాదం మాదే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అనే సెక్షను చేర్చారు. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడంవల్ల మరణమో వైకల్యమో కలిగితే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. లక్ష చిన్న మొత్తమే. అయినా ఏమరుపాటు రోడ్డుకు కూడా ఉండవచ్చునని చట్టం ఒప్పుకున్నది.

నా అర్జీ ఇచ్చిన చాలా నెలలకు ఆ చోట పసుపు దీపం ఒకటి మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. అంచున లారీలు ఆపకుండా డ్రమ్ములు పెట్టారు. అది నా అర్జీ ఫలమో కాదో తెలియదు. ఆ తరువాతి సంవత్సరం ఆ ముద్దలో కొత్త చుక్కలు తగ్గాయి. సంతోషంతో నా విద్యార్థినికి ఫోను చేస్తే ఆమె నన్ను నేలకు దించింది. మూడునెలల పరీక్షలో అందరికంటె తక్కువ మార్కులు వచ్చినవాడికి, ఏ ట్యూషనూ లేకపోయినా, ఆరునెలల పరీక్షలో కొన్ని పెరుగుతాయి. అలాగే బాగా చెడ్డ సంవత్సరం తరువాత సంవత్సరం దానంతటదే కొంత బాగుంటుందట. కనీసం మూడేళ్ళు చూడాలట. చూస్తున్నాను. హాజరుపట్టీ మూయలేదు.

పోయిన కార్తీకంలో పటం తీసుకొని ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. వెళ్ళాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. విధి అనే మాటలో ఒక ఓదార్పు ఉన్నది. దానిని తీసివేసి ఆమె చేతిలో నేనేమి పెట్టగలను? కాని కొడుకు తన తప్పువల్లనే పోయాడన్న మాట ఆమె ఏళ్ళ తరబడి మోస్తున్నది. పటం పరచి, వాడి చుక్క చూపి, చుట్టూ ఉన్న చుక్కలు చూపాను. “అమ్మా, తప్పు వాడొక్కడిదే కాదు. ఆ జాగ అట్లాంటిది. వాడికంటె ముందు కూడా అక్కడ కొందరు పోయారు” అన్నాను.

ఆమె వేలితో ఆ చుక్కలను తడుముతూ చాలాసేపు కూర్చున్నది. తరువాత తలెత్తి, “ముందుగాలనే పోయిన్రా సారూ? మరి అప్పుడే ఎవలన్న ఎందుకు చెప్పలే?” అని అడిగింది.

ఆ ముందటి చుక్కలలో రెండింటి శబ్దం నేను మా ఇంటిముందు కూర్చుని ఉండగా మాట్లాడుకున్నవారి నోట విన్నాను. ‘అయ్యో’ అని మళ్ళీ పత్రిక చదువుకున్నాను. ఆమెకు ఏమీ చెప్పలేకపోయాను. గోడ మీది పద్యం తీసివేయమని మాత్రం అడిగాను. “ఉండనీ సారూ, మీరు రాసిచ్చింది గద” అన్నది.